తెల్ల పొర

రమణమూర్తి ముప్పై మూడేళ్లు డీజిల్ షెడ్‌లో ఫిట్టరుగా పనిచేశాడు. ఇంజన్ రేడియేటర్లు విప్పి, గొట్టాల్లో పేరుకున్న తెల్లటి ఉప్పును ఆమ్లంలో కరిగించడం అతని పని. ఉప్పంతా పోయి లోహం బయటపడితే తప్ప డ్యూటీ దిగేవాడు కాదు. రిటైరయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి ఆవిరిపెట్టెలో పెట్టే ఉద్యోగంలో చేరాడు.

ఎండిన రక్తం, ఎముక పొడి, వెంట్రుకలు అంటుకున్న ట్రేలు పై అంతస్తులోని థియేటర్ నుంచి దిగేవి. మొదటి నెల చేపల కూర ముట్టలేకపోయాడు. తర్వాత అలవాటయింది. అలవాటు కానిది ఇంకొకటి. ఒక రోగి ఒంట్లో పెట్టడానికి సీలు విప్పి, కొలత కుదరక వదిలేసిన ముక్కల్ని పారెయ్యాలి. ఇక్కడ మాత్రం వాటిని కడిగించి ఇంకొకరి కోసం దాచేవారు. ఆ ట్రే వచ్చిన ప్రతిసారీ దాన్ని అన్నిటికన్నా చివరికి నెట్టేవాడు. అయినా కడిగేవాడు.

సోమవారం అలాంటిదే ఒకటి వచ్చింది. వెన్నుపూసల మధ్య పెట్టే, బొటనవేలి కణుపంత ప్లాస్టిక్ ముక్క. దాని మీద సుద్దలాంటి తెల్లటి గరుకు పొర ఉంది. బోరునీళ్లకు కత్తెరల మీద రోజూ పట్టే ఉప్పే అనుకుని రమణమూర్తి దాన్ని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాడు. మధ్యాహ్నానికి పొర పోయి, నున్నటి మీగడ రంగు ప్లాస్టిక్ మెరిసింది. శుద్ధిచేసి కాగితం సంచీలో సీలు వేశాడు.

మర్నాడు పొద్దున్నే థియేటర్ సిస్టర్ ఉషారాణి వచ్చి సంచీని వెలుతురుకు ఎత్తి చూసి ఆగిపోయింది. ఏం చేశావని అడిగింది. అతను కాస్త గర్వంగానే చెప్పాడు.

"అది ఉప్పు కాదు బాబాయ్. ఎముకలో ఉండే సరుకే అది. ఎముక అతుక్కోవాలని కంపెనీవాళ్లు పూసి పంపుతారు. ఉత్త ప్లాస్టిక్కి ఎముక సరిగ్గా పట్టదు."

"పట్టకపోతే ఏటవుతాది?"

"ముక్క కదులుతాది. నొప్పి అలాగే ఉండిపోతాది."

ఆ ముక్క ఆ రోజే అప్పయమ్మ వెన్నులో పెట్టాలి. ఆమె లాల్‌ఖదాన్ పేట వైపు రైల్వే గేట్‌మన్ సూర్యం భార్య. రెండేళ్లుగా నిటారుగా కూర్చోలేదు. ఆ కొలతది ఇంకొకటి గురువారం దాకా రాదు. ఉషారాణి పైకెళ్లి డాక్టరుకు చెప్పింది. స్క్రూలు ఎలాగూ పట్టి ఉంచుతాయి, పెట్టేద్దాం, ఫైల్లో ఏమీ రాయొద్దు అన్నాడట. ఆమె వెనకే మేనేజర్ జయప్రకాష్ దిగి వచ్చాడు.

"ఆ పొర ఉందో లేదో పైకి ఎవడికి తెలుస్తుంది మూర్తిగారూ? మీరు నోరు మూసుకోండి చాలు," అనేసి వెళ్లిపోయాడు.

షెడ్‌లో పాడైన భాగానికి ఎర్ర రంగు పూసి అవతల పడేసేవారు. తెలిసి తెలిసి దాన్ని ఇంజన్‌కు బిగించినవాణ్ణి అతను చూడలేదు. రమణమూర్తికి నోరు చేదయింది. సింకులో ఉమ్మాడు. ఇన్నాళ్లూ ఆ ట్రేలు కడిగిన తన చేతులు చూసుకుంటే ఇంకా రోత పుట్టింది.

సంచీ కోసం ఉషారాణి చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు. కాగితం చింపి, ఎముకలు కత్తిరించే పెద్ద కత్తెర తీసి, ముక్కను దాని నోట్లో పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కాడు. రెండోసారికి విరిగింది.

"ఉద్యోగం పోతాది బాబాయ్," అందామె మెల్లగా.

"పోనీ."

పదకొండు కాకముందే పోయింది. కడిగేవాడు ముక్క విరగ్గొట్టాడు కాబట్టి ఆపరేషన్ వాయిదా అని జయప్రకాష్ వార్డులో చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు.

బయటికి వెళుతుంటే వరండాలో సూర్యం అడ్డం వచ్చాడు. చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది. పక్కన బల్ల మీద అప్పయమ్మ ఒరిగి పడుకుని ఉంది.

"విరగ్గొట్టినోడివి నువ్వేనా? రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు మా మనిషి. సిగ్గు లేదేటి నీకు?"

"నేనే," అన్నాడు రమణమూర్తి. పొర తానే కరిగించేసిన సంగతి, అది తెలిసీ వాళ్లు పెట్టబోయిన సంగతి చెప్పాడు. సూర్యం ముఖంలో నమ్మకం కనిపించలేదు.

"గురువారం కొత్తది వస్తాది. కంపెనీ సీలు ఉన్న పెట్టె నీకు చూపించినాకే లోపలికి తీసుకెళ్లమను. చూపించకపోతే ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎట్టకు."

సూర్యం బల్ల దగ్గరికి వెళ్లి ఇడ్లీ తుంచి భార్య నోట్లో పెట్టాడు.

"ఏటంటన్నాడు?" అందామె నములుతూ.

"సీలు చూడమంటన్నాడు," అన్నాడు సూర్యం, తల ఎత్తకుండా.