నలభయ్యో కొక్కెం

అదే మరి, మీ వంటింట్లో చెంచాలు ఎన్నున్నాయని ఎవరైనా అడిగితే మీరు ఠక్కున చెప్పలేరు. ఒకటి తగ్గితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది, అవునా కాదా? చెంచాలక్క కొట్టు పదహారేళ్ళు నడిచింది ఆ ఒక్క ముక్క మీదే.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉండేది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఇంకెవరినో చూసేది. ఆవిడ మొగుడు స్టవ్వులు బాగుచేసేవాడు. సందు మలుపులో ఒంటి షట్టరు కొట్టు, దాని వెనక ఒక గది. ఆయన పోయాక కొట్టు అమ్మేయమని చుట్టాలంతా చెవిలో జోరీగలా పోరు పెట్టారు. అక్క వినలేదు.

"స్టవ్వు బాగుచేయడం నాకు రాదు. స్టవ్వు ముందు నిలబడేవాళ్ళ విసుగు మాత్రం నాకు బాగా తెలుసు" అంది.

వెనక గదిలో ఆవిడ మరిది రేకు పని చేసుకునేవాడు. డబ్బాలు, గరాటాలు, బాల్చీకి అతుకులు. ఆయన నోట మాట తక్కువ, చేతిలో చప్పుడు ఎక్కువ. రేకు మందం ఎంతో వేలితో మీటి చెప్పేసేవాడు. ఆయన్నీ, కొట్లో ఖాళీగా పడున్న గోడనీ నమ్ముకుని అక్క ఒక కొత్త వ్యాపారం మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం కొట్టు ముందు రెండు బెంచీలు వేసేది. ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి, "ఏంటమ్మా, ఈ వారం మీ ఇంట్లో మిమ్మల్ని విసిగించిందేంటి?" అని అడిగేది. ఒకావిడ అలమర వెనక పడ్డ మూత తీయలేక చస్తున్నానని చెప్పేది. బెంచీ చివర కూర్చున్న పోస్టాయన, "నేను కర్ర కొసకి అయస్కాంతం కట్టి తీస్తానమ్మా" అనేవాడు. అంతే, వెనక గదిలోంచి సుత్తి చప్పుడు. వచ్చే వారానికి గోడ మీద నమూనా వేలాడేది. ఒకరి విసుగు, ఇంకొకరి ఉపాయం, మరిది చేతి పని. ఉపాయం చెప్పినవాళ్ళ పేరే వస్తువు పేరు. అలా పుట్టినవే పోస్టాయన గాలం, కండక్టరు మూత, నర్సమ్మ జల్లెడ. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో అవి ఉన్నాయి, పేర్లు మాత్రం పోయాయి.

కానీ నమూనా ఉన్నంత మాత్రాన తయారీ మొదలవదు. ఒకటీ రెండూ చేయడానికి అచ్చు కట్టడం దండగ అనేవాడు మరిది. నలభై మంది కావాలి. అందుకని ప్రతి నమూనా కింద నలభై కొక్కేలు కొట్టాడు. కావలసినవాళ్ళు తమ ఇంట్లోంచి ఒక చెంచా తెచ్చి కొక్కేనికి తగిలించాలి. అదే ఆర్డరు.

"బయానా ఇస్తాను తీసుకోవమ్మా, మధ్యలో ఈ చెంచా గోలేంటి?" అని దర్జీ ఒకసారి ఎకసెక్కం ఆడాడు.

"బయానా ఇచ్చినవాళ్ళు ఇచ్చి మర్చిపోతారు బాబూ. చెంచా ఇచ్చినవాళ్ళు పూటకోసారి నన్ను తిట్టుకుంటారు. తిట్టుకునేవాళ్ళే తప్పకుండా తిరిగొస్తారు."

అసలు సంగతి ఇంకోటి ఉంది. అక్క చదువు మూడో తరగతితో ఆగింది. కలం పట్టుకుంటే చెమటలు పట్టేవి. చెంచా అయితే రాయక్కర్లేదు. కొస వంగింది కండక్టరు ఇంటిది, కాడ మీద పువ్వున్నది నర్సమ్మది, మసి వదలనిది దర్జీ ఇంటిది. ప్రతిదానికీ తన చేత్తో ఎర్ర దారం కట్టి తగిలించేది. కాగితం ముక్క లేదు, పద్దు లేదు. అన్నీ ఆవిడ తలలోనే.

నలభై నిండి, సరుకు తయారయ్యాక వచ్చే శనివారం అప్పగింత. ఆ రోజు బెంచీలు చాలేవి కావు. అక్క స్టూలెక్కి ఒక్కో చెంచా తీసి, అది ఎవరిదో గట్టిగా చెప్పి, చెంచానీ కొత్త వస్తువునీ కలిపి వాళ్ళ చేతిలో పెట్టేది. ఉపాయం చెప్పిన మనిషి మాత్రం ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆ నలభై పేర్లూ వినాలి. ఆ పేర్లు వింటూ నీళ్ళు తిరగని కళ్ళు లేవు. పోస్టాయన అంతటివాడే కండువాలో మొహం దాచుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చోవాలని బొత్తాల పెద్దమ్మకి మహా కోరిక.

పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు దర్జీ కొట్లో బొత్తాలు కుట్టేది. చూడకుండా సూదిలో దారం ఎక్కించిన చేతులవి. ముసలితనంలో వణుకు పట్టుకుంది. ఒక శనివారం వచ్చి, "ఒసే పిల్లా, కెటిల్ ఎత్తితే సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పోతున్నాయే. కెటిల్ని ఎత్తకుండా వంచే దారి చూడు. పసిదాన్ని ఉయ్యాల్లో ఊపినట్టు" అంది. మరిది రేకుతో ఒక తొట్టి చేసి, రెండు నిలువు కమ్మీల మధ్య వేలాడదీసి, కొసకి చిన్న పిడి పెట్టాడు. కెటిల్ అందులో కూర్చుంటే, పిడి మీద వేలు ఆనించగానే అదే వంగి గ్లాసులోకి పోస్తుంది. దానికి పెద్దమ్మ ఉయ్యాల అని పేరు పెట్టారు.

అందరూ బాగుందన్నారు. చెంచాలు మాత్రం రాలేదు. చేతులు గట్టిగా ఉన్నవాళ్ళకి దాంతో పనేంటి? చేతులు వణికేవాళ్ళు ఇల్లు కదిలి రాలేరు. ఏడాదిన్నరకి ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పెద్దమ్మ ప్రతి శనివారం కర్ర పొడుచుకుంటూ వచ్చి ఖాళీ కొక్కేలు లెక్కపెట్టేది.

"ఇంకా పదకొండే. నేనుండగా నిండుతాయంటావా?"

"నిండకేం పెద్దమ్మా! నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టకపోతే నన్నడుగు" అని అక్క మాటిచ్చింది. అక్కే తన ఇంటి చెంచాలు తగిలించేయొచ్చుగా అని బెంచీ మీద ఎవరో అంటే కళ్ళెర్రజేసింది. కొట్టువాళ్ళ చెంచా ఆ గోడ మీద ఉండకూడదు. ఉంటే ఇక ఆ గోడని ఎవరు నమ్ముతారు?

సరిగ్గా ఆ రోజుల్లోనే కూతురి కానుపుకని అక్క మూడు వారాలు ఊరెళ్ళింది. వెళ్తూ మరిదికి ఒక్కటే చెప్పింది. "నలభై నిండితేనే రేకు కొయ్యి."

తిరిగొచ్చేసరికి కొట్లో అడుగు పెట్టే చోటు లేదు. నలభై ఉయ్యాలలు బడికెళ్ళే పిల్లల్లా వరసగా నిలబడి తళతళలాడుతున్నాయి. మరిది మొహం అంతకంటే తళతళలాడుతోంది.

"నిండిపోయింది వదినా! పెద్దమ్మకి కూడా చెప్పేశాను. ఈ శనివారమే అప్పగింత."

అక్క సంచి కింద పెట్టి గోడ వంక చూసింది. ఒకసారి చూసింది, దగ్గరికెళ్ళి ఇంకోసారి చూసింది.

"ఏమయ్యా, వీటికి దారాలేవి?"

"నువ్వు లేవుగా, వాళ్ళే తగిలించుకునుంటారు."

"పదకొండు మందీ అక్కాచెల్లెళ్ళా, ఒక్క పోలికలో ఉన్నాయి? ఇవి మన టీ చెంచాలు కాదూ! మేకుకి తగిలించడానికని కాడలకి అప్పట్లో నువ్వు పొడిచిన చిల్లులే ఇవి!"

కొట్టులో టీ కోసం ఒకప్పుడు డజను చెంచాలు కొన్నారు. ఒకటి ఎక్కడో పోయింది. మిగిలినవి పదకొండు. మరిది రేకునైతే మీటి చెప్పగలడు గానీ, చెంచాకీ చెంచాకీ తేడా అడిగితే తెల్లమొహం వేస్తాడు.

వెనక గది గుమ్మంలోంచి ఏడుపు గొంతు వినిపించింది. మరిది ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు.

"నేనే పెద్దత్తయ్యా. శనివారం టీలయ్యాక కడిగాను. కొక్కేలు ఖాళీగా ఉన్నాయి కదా, నీళ్ళోడతాయని ఆరేశాను. మళ్ళీ తీసేలోపే మామయ్యగారు ఆ గోడ జోలికి ఎవరూ వెళ్ళొద్దు, నిండిందీ అని ఒకటే కేకలు. నాకు భయమేసింది."

"మరి మొన్న శనివారం టీలో చక్కెర దేంతో కలిపారే?"

"మామయ్యగారి స్క్రూడ్రైవరుతో."

అక్క నవ్వుదామనుకుంది. నవ్వు రాలేదు. అది సోమవారం. శనివారం పెద్దమ్మ కుర్చీలో కూర్చుంటుంది. తాను స్టూలెక్కి నలభై పేర్లు చెప్పాలి. ఇరవై తొమ్మిది అయ్యాక ఏం చెప్పాలి? ఇవి మా టీ చెంచాలు, నీ ఉయ్యాల ఎవరికీ అక్కర్లేదు అని పదిమందిలో చెప్పాలా? పోనీ అబద్ధం పేర్లు చెబితే? ఆ ఆలోచన రాగానే లేచి పదకొండు చెంచాలూ టపటపా తీసి డబ్బాలో పడేసింది.

"చేతులు వణికేవాళ్ళు ఇక్కడికి రాలేరు. అంతేగా? నేనే వెళ్తాను" అని ఒక ఉయ్యాల చంకలో పెట్టుకుని, కోడలి చేతికి కెటిల్ ఇచ్చింది. "పద అమ్మాయ్. ఆరేసింది నువ్వేగా, మెట్లు నువ్వూ ఎక్కు."

నాలుగు రోజులు ఆ ఇద్దరూ ఎక్కని మెట్లు లేవు. మొదటి గుమ్మంలోనే ఎదురుదెబ్బ.

"మా అత్తగారికి టీ మేమే పోసిస్తాం. మీకెందుకండీ మా ఇంటి సంగతి?" అంది ఆ ఇంటావిడ, తలుపు సగమే తీసి.

లోపల్నించి ఒక సన్నటి గొంతు వచ్చింది. "ఆవిణ్ణి లోపలికి రమ్మనవే. ఆరు నెలలైంది, నా టీ నేను పోసుకుని."

ఆ ముసలావిడ పిడి మీద వేలు పెట్టింది. వేలు వణికింది, కెటిల్ వణకలేదు. గ్లాసు నిండాక కూడా ఇంకాస్త, ఇంకాస్త అని చిన్నపిల్లలా పోస్తూనే ఉంది. బల్లంతా తడిసింది. ఆ ఇంటావిడ తుడవబోతే, "ఉండనీవే, ఇది నేను కావాలని ఒలకబోసింది" అంది. తలగడ కింద దాచుకున్న చెంచా ఒకటి తీసి అక్క చేతిలో పెట్టింది.

తర్వాత గుమ్మాలు కాస్త తేలికయ్యాయి. పక్షవాతం వచ్చిన బోర్డులు రాసే ఆయన, ఒంటిచేత్తో సంసారం లాగుతున్న ఇస్త్రీ ఆవిడ, బ్యాండులో సన్నాయి వాయించి వేళ్ళు పట్టు తప్పిన పెద్దాయన. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే చెంచా అని ఆయన నవ్వుతూ ఇచ్చేశాడు. శుక్రవారం సాయంత్రానికి పది దారాలు కట్టింది అక్క. పదకొండోదానికి మాత్రం ఖాళీ చేతుల్తో దిగివచ్చింది. ఆ మెట్లు ఒంటరిగా ఎక్కింది, కోడల్ని ఆ వీధిలోకి కూడా రానివ్వలేదు.

శనివారం పెద్దమ్మ ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని కుర్చీలో కూర్చుంది. అక్క స్టూలెక్కి ముప్పై తొమ్మిది పేర్లు చెప్పింది. రాలేనివాళ్ళ వస్తువులు పక్కకి పెట్టింది. చివరి కొక్కెం దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, ఇది ఖాళీ. ఇంకొకరున్నారు. కావాలి, కానీ చేతులు వణుకుతున్నాయని పదిమందికీ తెలియడం ఇష్టం లేదు. చెంచా ఇవ్వలేదు, పేరు చెప్పొద్దన్నారు. నాకు నీ దగ్గర దాపరికం లేదు" అని టీ చెంచాల కథంతా విప్పి చెప్పింది. కోడలు తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

"ఆ పిల్లని ఇటు రమ్మనండి. ఒసే, నువ్వు ఆరెయ్యకపోతే ఇవి నిండేసరికి నేను గోడ మీద ఫొటోనయ్యేదాన్నే! కొత్త కోడలంటే నీలా ఉండాలి." వణికే చేత్తోనే ఆ పిల్ల చెంప నిమిరింది. తర్వాత అక్క వైపు తిరిగి, "ఆ నలభయ్యో మనిషిని మాత్రం వదలకు. వాళ్ళ బాధ నాకు తెలుసు. నేనూ ఏడాది పాటు చేతులు కొంగులో దాచుకున్నాను" అంది.

వదలనని అక్క చెప్పింది. ఆ రోజునించీ ఆ కొట్టు తీరే మారిపోయింది. శనివారాలు బెంచీలే కాదు, మిగతా రోజుల్లో మెట్లు కూడా ఉండేవి. అక్క, కోడలు కలిసి మంచం దిగలేనివాళ్ళ విసుగులు కూడా అడిగొచ్చేవాళ్ళు. అలా ఎన్ని వస్తువులు పుట్టాయో! ఆ సందులో నడిస్తే సుత్తి చప్పుడూ, టీ వాసనా, గాలికి చెంచాలు ఒకదానికొకటి తగిలే గలగలా వచ్చేవి. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. చప్పుడే లేదు.

నలభయ్యో ఉయ్యాల మాత్రం రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. నెలకోసారి అక్క ఒంటరిగా వెళ్ళొచ్చేది. ఏమైందని మరిది అడిగితే, "ఇంకా మొహమాటపడుతున్నారు" అనేది. అంతకుమించి పెదవి విప్పేది కాదు. ఈలోగా పెద్దమ్మ తన ఉయ్యాలతో ఏడాదిన్నర తన టీ తనే పోసుకుని, హాయిగా వెళ్ళిపోయింది.

ఒకరోజు పొద్దున్నే అక్క మొహం వెలిగిపోతూ వచ్చింది. "ఒప్పుకున్నారయ్యా! నిన్న వెళ్తే చెంచా తీసి పెడతానన్నారు, ఇవాళ ఉయ్యాల తెమ్మన్నారు" అంది. ఉయ్యాలని పొడిగుడ్డతో తుడిచి, పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి, గుడ్డసంచిలో పెట్టింది. ఎర్ర దారం ముక్క ఒకటి తెంపి సంచి పిడికి ముడేసింది. చెప్పులేసుకోబోతూ గుమ్మంలో కూర్చుంది.

"పెద్దత్తయ్యా, ఏమైంది? నేనెళ్ళి ఇచ్చొస్తాను, ఇల్లెక్కడో చెప్పండి" అంది కోడలు.

"చెప్పనన్నాను కదే వాళ్ళకి. కాస్త ఆయాసంగా ఉంది, అంతే. సాయంత్రం నేనే వెళ్తాలే."

సాయంత్రానికి జ్వరం తగులుకుంది. పదో రోజుకి అక్క లేదు.

ఆ సంచి ఇప్పుడు మరిది ఇంట్లో తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. కోడలు వారానికోసారి దుమ్ము దులుపుతుంది. కాగితం మీద ఏమీ రాయని మనిషి కదా, ఏ వీధిలో ఏ మెట్లెక్కాలో ఎక్కడా లేదు. ఎవరో ఒకరు ఒక చెంచా తీసి పక్కన పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ ఇంకా ఉన్నారు.