అటక మీది మోకు

మా అమ్మ చేతికి చిక్కిన వస్తువు చెత్తకుప్పకు పోయేది కాదు. పగిలిన పింగాణీ గిన్నె ముక్కలను తడిమట్టి గోడలో అద్దం చుట్టూ పువ్వులా అద్దేది. చిరిగిన చీరల అంచులు కలిపి కుట్టి నడింటి వాకిలికి పరదా కట్టేది. ఒకసారి కిరసనాయిలు డబ్బాను కత్తిరించి, రేకు మీద మేకుతో చుక్కలు కొట్టి, దేవుని గూటికి ప్రభ చేసింది. దేవుడికి కిరసనాయిలు వాసన తగిలిస్తావా అని మా జేజి, అంటే నాయన తల్లి, వారం రోజులు సణిగింది. తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి ఆ ప్రభను తనే చూపించేది. మా జేజి అంతే, ముందు తిడుతుంది, తర్వాత తనదంటుంది.

పామిడి దాటి లోపలికి పోతే మా ఊరు. పక్కనే పెన్న ఉన్నా, మాకు తెలిసింది దాని ఇసుకే. మట్టి మిద్దె, రెండు గదులు, మధ్యలో ఒక అటక. మాకున్నది మెట్ట భూమి, అందులో ఒక కపిల బావి. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి దిగుతుంటే, పెద్ద తోలుబాన నీళ్ళు నింపుకుని పైకొచ్చేది. బానకు కట్టిన లావుపాటి తాడును మోకు అనేవాళ్ళం. ఆ మోకు జారడానికి బావి మీద ఒక కొయ్య గిలక ఉండేది. బాన, మోకు, గిలక. ఈ మూడూ మా ఇంటి అన్నం.

మోకుకు మా ఇంట్లో ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. ఆయుధపూజ నాడు దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్ళు. నేల మీద పడి ఉంటే చుట్టూ తిరిగి పోవలసిందే, దాటకూడదు. చిన్నప్పుడు ఒకసారి ఎగిరి దాటానని జేజి నా వీపు మీద ఒకటి చరిచి, మోకును తాకి కళ్ళకద్దుకోమంది. ఏడుస్తూనే అద్దుకున్నాను. మోకు పేనిన కిత్తనార పీచు కనురెప్పకు గుచ్చుకోవడం ఇంకా గుర్తుంది.

అరవైల మొదట్లో వరసగా వానలు మొహం చాటేశాయి. బావిలో నీళ్ళు పోయి బురద, బురద పోయి బండ తేలింది. నాయన ఎద్దులను తోలుకుపోయి సంతలో వదిలించుకుని, ఉత్త పగ్గాలు భుజాన వేసుకుని వచ్చాడు. బాననూ మోకునూ గోనెసంచిలో కుక్కి అటక మీదికి ఎక్కించాడు. గిలకను మాత్రం బావి మీదే వదిలాడు. అది దించితే బావి చచ్చిపోయిందని ఒప్పుకున్నట్టు.

ఒప్పుకునే మనిషి కాదు మా నాయన. బండ కింద నీళ్ళున్నాయని ఆయన నమ్మకం. బావులు తవ్వేవాళ్ళను పెట్టుకునే స్తోమత లేదు గనక, తానే దిగి బండలో తూము తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పేలుస్తానన్నాడు. పైనున్నవాళ్ళు మోకుతో లాగేస్తారు, అది పేలే లోపల పైకి వచ్చేయవచ్చు, ఇంత మాత్రానికి భయమెందుకు అన్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మ లేచి లోపలికి పోయేది.

ఎందుకో నాకు తెలుసు. అమ్మ చెప్పలేదు, జేజి చెప్పింది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. నేను పుట్టకముందు, వాళ్ళ ఊరి బావిలో అట్లాగే మందు పెట్టి వత్తి అంటించాడు. సగం దూరం లాగేసరికి మోకు తెగింది. అంతకు మించి చెప్పమంటే జేజి కూడా చెప్పలేదు. ఆ సంగతి అమ్మ నోట ఎన్నడూ రాలేదు. మా ఇంట్లో ఆ మేనమామ ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు.

వానలు లేక నాయన కాలువ తవ్వే పనికి పోయేవాడు. పోతే వారాల తరబడి రాడు. ఆ రోజుల్లోనే అమ్మకు ఇల్లు ముస్తాబు చేసే పిచ్చి ముదిరింది. నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో కిత్తనార పురులు తీగ మీద ఆరుతుండేవి. కొన్ని పసుపు, కొన్ని ఎరుపు, కొన్ని నీలిమందు రంగు. ఏమిటమ్మా ఇది అంటే పాతతాడు అనేది. యాడిదని అడగాలని నాకు తోచలేదు. ఆ పురులను జడలా అల్లి, గుండ్రంగా చుట్టి, దబ్బనంతో కుట్టి, వాకిలి ముందు వేసుకునే పట్టలు చేసింది. ఒకటి వీధి వాకిటికి, ఒకటి నడింటికి, ఒకటి వంటింటికి. మిగిలిన జడను అద్దం చుట్టూ అంచుగా కుట్టింది. ఉట్లు కట్టింది, వాటికి కుచ్చులు వేలాడదీసింది.

ఆ తర్వాత గోడ మీదికి చిలకలు వచ్చాయి. కుడితినీళ్ళలో నానబెట్టిన తోలును అరిగిన కొడవలితో చెక్కి, తోలుబొమ్మలాట వాళ్ళు చేసినట్టు బెజ్జాలు పొడిచి, ఆకుపచ్చ రంగు పూసి వరసగా తగిలించింది. జేజి ముక్కు మూసుకుంది. ఇంటి గోడకు తోలేమిటని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు, మా కోడలి చిలకలు చూడు అంటూ పక్కింటామెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

నాయన కాలువ పని నుంచి వచ్చినప్పుడు ఇల్లు చూసి మురిసిపోయాడు. పట్నంలో వకీళ్ళ ఇండ్లలో కూడా ఇట్లాంటి పట్టలు లేవన్నాడు. ఎర్రమట్టి కాళ్ళను వీధి వాకిట్లో పట్ట మీద ఇటూ అటూ రుద్ది, రంగు మారిపోతుందేమోనని వంగి చూసుకుని మరీ లోపలికి వచ్చేవాడు. ఆ దసరాకు ఆయనకు నడుము నొప్పి. అటక ఎక్కలేక, గోనెసంచి మూతి లోంచి వేలాడుతున్న మోకు కొసకు కిందనుంచే కుంకుమ చల్లి దండం పెట్టాడు. అమ్మ పక్కనే నిలబడి హారతి పళ్ళెం పట్టుకుంది.

ఎండాకాలం చివర్లో, ఇంకా వాన జాడ లేనప్పుడు, నాయన నిశ్చయించుకున్నాడు. మందు దొరికింది. పైన నిలబడి లాగడానికి దాయాదులు ఇద్దరు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. వాళ్ళు నడింట్లో నిలబడి సజ్జరొట్టె తింటున్నారు. నాయన నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

కాసేపటికి గోనెసంచి కిందపడింది. అంత బరువుండాల్సిన సంచి దుమ్ము లేపుకుంటూ తేలిగ్గా పడింది, పిగిలింది. అందులోంచి బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ పొట్టు, ఇల్లంతా చిమ్మింది. మూతి దగ్గర మాత్రం మూరెడు మోకు ముక్క, దసరా కుంకుమతో సహా, అట్లాగే కట్టి ఉంది.

అంటే మా నాయన దసరాకు బుడ్డల పొట్టుకు దండం పెట్టాడన్నమాట. నాకు నవ్వు రావలసింది. రాలేదు. దాయాదుల నోళ్ళలో రొట్టె నోళ్ళలోనే ఆగిపోయింది. నాయన నిచ్చెన దిగి వచ్చాడు. ఆయన మొహంలో కోపం కూడా లేదు. దొంగలు పడ్డ ఇంటిని చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

"మోకు యాడుండాది?" అన్నాడు.

అమ్మ పొయ్యిలోని కట్టె వెనక్కి లాగి, నెమ్మదిగా బయటికి వచ్చింది.

"నువ్వు నిలబడుకోనుండేది దాని మీదనే."

నాయన కాళ్ళకేసి చూసుకున్నాడు. నడింటి పట్ట. ఎరుపు, పసుపు, నీలం. ఆయన నిప్పుల మీది నుంచి ఎగిరినట్టు పక్కకు దూకాడు. దాయాదుల్లో ఒకడు వంటింటి పట్ట మీద ఉన్నాడు, అతనూ దూకాడు. నేను వీధి వాకిట్లో ఉన్నాను. నా కాళ్ళ కిందా అదే. ఇన్ని నెలలుగా మట్టికాళ్ళు, పేడకాళ్ళు రుద్దింది మా మోకుకే. కనురెప్పకు గుచ్చుకున్న ఆ పీచు గుర్తొచ్చి నేనూ పక్కకు గెంతాను. ఎగిరి దాటినందుకే దెబ్బలు తిన్నదాన్ని, ఇన్నాళ్ళూ దాన్ని తొక్కుతూ బతికానా?

"లచ్చిమిని తొక్కించినావు గదే తల్లీ," అంది జేజి. ఆమె గొంతు నేను అంత సన్నగా ఎప్పుడూ వినలేదు.

నాయన బాన ఏదని అడగలేదు. గోడవైపు చూశాడు. చిలకలు వరసగా ఉన్నాయి. బంధువులు వచ్చినప్పుడల్లా వాటిని చూపించి గొప్పలు చెప్పుకున్నది ఆయనే. ఒక చిలకను వేలితో తట్టి చూశాడు, ఎండిన తోలు చప్పుడు చేసింది. అప్పుడు మాత్రం, ఎందుకు చేసినావని చాలా మెల్లగా అడిగాడు. కొడతాడనుకున్నాను. ఊళ్ళో ఏ మగవాడైనా కొట్టేవాడే.

అమ్మ ఆయన మొహంలోకి చూసి చెప్పింది. పరాయివాళ్ళ ముందు ఆమె అట్లా తలెత్తి మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నా తమ్మున్ని గూడా నమ్మకమైనోళ్ళే లాగినారు. మోకు తెగినాక ఎవురి ఇండ్లకు వాళ్ళు పోయినారు. నువ్వు ల్యాకపోతే నేను యా ఇంటికి పోవల్ల?"

దాయాదులు ఇద్దరూ రొట్టెలు కింద పెట్టేసి, ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. పట్టలను తొక్కకుండా గోడవారగా నడిచారు. నాయన మాత్రం, పామిడి అంగళ్ళలో మోకులకు కరువొచ్చిందా అని ఒక్క మాట అనేసి, తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి మళ్ళీ వెలగలేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్న అమ్మను నేను అంతకు ముందు చూడలేదు. ఏ గుడ్డపేలికో, డబ్బారేకో ఎప్పుడూ ఆమె ఒళ్ళో ఉండేది. ఆ రోజు గడప దగ్గర కూర్చుని దారి చూసింది. నాకు అమ్మ మీద కోపం, నాయన మీద కోపం. కొత్త మోకు తెస్తే ఏం చేస్తుంది ఈమె? అదీ కోసి పట్ట చేస్తుందా? చేస్తుంది అనిపించింది, భయమేసింది.

పొద్దు వాలుతుండగా నాయన వచ్చాడు. భుజం మీద ఏదో బరువు. మోకు కాదు. ఎండకు నెరిసి, మధ్యలో ఇరుసు దగ్గర నల్లగా నూనె పట్టిన కొయ్య గిలక. పామిడికి పోలేదు, బావి దగ్గరికే పోయాడు. ఒక్కడే ఎట్లా దించాడో, భుజం చర్మం లేచిపోయి ఉంది. దాన్ని అమ్మ ముందు గడప మీద దించి, పక్కన కూర్చున్నాడు.

"ఇదొకటి మిగిలింది. దీన్ని గూడా నువ్వే యాడన్నా తగిలించు," అన్నాడు.

అందులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. అమ్మ గిలక మీద చెయ్యి వేసి, ఇరుసు తడిమి, ఒక్కసారిగా భోరుమంది. తమ్ముడి కోసం దాచుకున్నదంతా ఆ పూటే ఏడ్చిందేమో. జేజి వచ్చి కోడలి తల నిమిరింది, ఈసారి తిట్టలేదు.

మర్నాడు అమ్మ పట్టలన్నీ ఏరి, దులిపి, గోడలకు ఎక్కించింది. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ వాటి మీద కాలు పెట్టలేదు. నాయన ఆ బావిలోకి దిగలేదు. వాన పడ్డ ఏడాది బుడ్డలు వేశాడు, పడని ఏడాది కాలువ పనికి పోయాడు. ఆ బండ కింద నీళ్ళున్నాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ చేసింది సరైనదని గట్టిగా చెప్పలేను. ఉన్న ఒక్క బావినీ పోగొట్టుకున్న రైతు మొహం కూడా నేను రోజూ చూశాను.

ఒకటి మాత్రం చెప్పాలి. పగిలిన పింగాణీ ముక్కకు కూడా చోటు వెతికిన మా అమ్మకు, ఆ గిలకకు గోడ దొరకలేదు. వాకిలి పక్కన రెండు గుంజలు పాతించి, బావి మీద ఉన్నట్టే వాటి మధ్య నిలబెట్టింది. రంగు పూయలేదు, కుచ్చులు కట్టలేదు. కొన్ని రోజులకోసారి ఇరుసుకు ఆముదం పోసేది. నీళ్ళు తోడని చక్రానికి ఆముదం దండగ కాదా అని ఒకనాడు అడిగేశాను.

ఆమె గుడ్డతో ఇరుసు తుడుస్తూనే చెప్పింది.

"మీ నాయన వచ్చేటప్పుడు పోయేటప్పుడు దాన్ని ఒకసారి తిప్పి చూస్తాడు. తిరగకపోతే ఎట్లమ్మా?"