కూత రాని హాలు

ఆ హాల్లో మైకు కూయదు. వేరే ఏ హాలైనా తీసుకోండి, ఎంత పెద్దమనుషుల సభైనా సరే, ఎవరో ఒకరు మాట్లాడబోయేసరికి కుయ్యిమని ఒక్కసారైనా అరుస్తుంది. ముందు వరసలో ఉన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు, వెనకాల ఎవడో నవ్వుతాడు. ఇక్కడ ఆ గొడవ లేదు. ఎందుకంటే వెనక గోడవారగా, సౌండు మిక్సర్ బల్ల ముందు, మైకు మాస్టారు కూర్చుని ఉంటాడు.

ఆయన ఈ పనిలోకి స్పీకరు పెట్టెలు మోసే కూలీగా వచ్చాడు. పెట్టెలు మోస్తూ మోస్తూ వాటి లోపలేముందో తెలుసుకున్నాడు. కూత పుట్టే ముందు స్పీకర్లో ఒక సన్నటి మూలుగు వస్తుందనీ, అది తనకొక్కడికే వినపడుతుందనీ ఆయన నమ్మకం. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

భార్య పోయినప్పటి నుంచి చెప్పడం లేదు. మానేయాలని మానెయ్యలేదు. ఆయనకి ఏమీ అనిపించడం లేదు, అంతే. ఆవిడ పోయిన రోజు చుట్టాలంతా గొల్లుమంటుంటే ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ఫ్యాను బేరింగు పోయినట్టుంది, టకటకమంటోంది, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వెయ్యలేదు. వారం తిరక్కుండా పనిలోకి వెళ్ళిపోయాడు. "గుండె రాయి చేసుకున్నాడు పాపం" అంది వదినగారు. "చేసుకునేదేముంది, మొదట్నించీ రాయేగా" అన్నాడు బావమరిది. రెండు మాటలూ ఆయన చెవిన పడ్డాయి. వాటిలో ఏది నిజమో తేల్చుకునే ఓపిక లేక, ఇంటికొచ్చి టీవీలో సౌండు తీసేసి బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. అప్పటి నుంచి సాయంత్రాలు అలాగే గడుస్తున్నాయి.

ఆవిడ గిటార్ వాయించేది. ఆ హాల్లోనే, శనివారాలు. వాళ్ళిద్దరి మొదటి తగువూ ఆ గిటార్ మీదే, స్నేహమూ దాని మీదే. అది కరెంటు గిటార్ కాదు, డొల్ల చెక్క పెట్టె. ఇంట్లో వాయిస్తే ఇల్లు నిండేది, హాల్లో వాయిస్తే మూడో వరస దాటేది కాదు. ఎదురుగా మైకు పెడితే, స్పీకర్లోంచి వచ్చిన మోత తిరిగి ఆ డొల్లలోకే దూరి, డొల్ల ఊగిపోయి, ఆ ఊపు మళ్ళీ మైకులోకెక్కి హూఁ అని కూత పెట్టేది. అందుకని ఆయన తీగలు ఆనే తెల్ల పట్టీ కింద సన్నటి పికప్ దూర్చాడు. అది చెక్క అదురునే నేరుగా పట్టుకుంటుంది, గాలితో పని లేదు. అయినా సౌండు పెంచితే డొల్ల ఊరుకోలేదు. చివరికి ఒక పాత తువ్వాలు ఉండ చుట్టి, గిటార్ మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోంచి లోపల కుక్కాడు. కూత ఠక్కున ఆగింది.

ఆవిడ వాయించి చూసి మొహం చిట్లించింది. "ఏవండీ, దీనికి జలుబు చేసినట్టుంది."

"జనానికి వినపడుతోందా లేదా?"

"వినపడుతోంది. కానీ ఇది నా గిటార్ కాదు. వంటింట్లో వాయిస్తే ఎలా ఉంటుందో అలా వినపడదా వాళ్ళకి?"

"వంటింట్లో ఐదొందల మంది కూర్చోరు కదా" అన్నాడు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒప్పుకుందనుకున్నాడు ఆయన.

ఆ తర్వాత ఎన్నేళ్ళు వాయించినా ఆ గిటార్ కూత పెట్టలేదు. "ఒక్క తువ్వాలుతో దాని నోరు మూయించాను" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆవిడ మీద ఇంకో వేళాకోళం కూడా ఉండేది. మిగతావాళ్ళు స్టేజీ మీద ఊగుతారు, గెంతుతారు, ముందుకొచ్చి చప్పట్లు కొట్టిస్తారు. ఆవిడ మాత్రం ఎడమ పక్కకి కాస్త తిరిగి, మోచెయ్యి గిటార్ పొట్టకి ఆనించి, మేకు దిగ్గొట్టినట్టు నిలబడేది. "మా ఆవిడకి స్టేజీ భయం ఇంకా తీరలేదండీ" అనేవాడు. ఆవిడ కూడా అందరితో పాటు నవ్వేది.

ఇప్పుడు ఆవిడ పేరు మీద హాలువాళ్ళు ఒక కార్యక్రమం పెట్టారు. తల్లి గిటార్ మీద కూతురు మూడు పాటలు వాయించాలి. పదిమంది ముందు ఎప్పుడూ వాయించని పిల్ల. తన వల్ల తల్లికి మాట వస్తుందేమోనని దాని భయం. గిటార్ ఒకసారి చూసిపెట్టమంటే ఆయన బల్ల మీద పడుకోబెట్టి తీగలు వదులు చేశాడు, ఇన్నాళ్ళూ ఆవిడే మార్చుకునే పికప్ బ్యాటరీ మార్చాడు. తువ్వాలు ఏ స్థితిలో ఉందో చూద్దామని రంధ్రంలోకి చెయ్యి పోనిచ్చాడు.

లోపల ఏమీ లేదు. మూలలన్నీ తడిమాడు. చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూశాడు. చెక్క, చెక్కకి అతికించిన బద్దలు, పికప్ వైరు. దారప్పోగైనా లేదు.

"తువ్వాలు ఏమైందే? నువ్వు తీశావా?"

"నేనెందుకు తీస్తాను?" అంది కూతురు. "నువ్వు పెట్టిన వారానికే అమ్మ తీసేసిందట. నీ మిక్సరు తుడుచుకోవడానికి దాన్నే గుడ్డలుగా చింపి ఇచ్చిందట కూడా."

"అబద్ధం. అది లేకపోతే కూత వస్తుంది."

"వస్తుంది మరి." పిల్ల గిటార్ తగిలించుకుని గది మధ్యలో నిలబడింది. "ఇదిగో, ఇలా ఎడమకి తిరగాలి. స్పీకరుకి దీని పొట్ట ఎదురు పడకూడదు. మోచెయ్యి ఇక్కడ నొక్కి పట్టాలి. పాట మధ్యలో చెక్క వణికినట్టు తెలుస్తుంది, అప్పుడు ఇంకాస్త నొక్కాలి. అడుగు కదిపావో అయిపోయావే అనేది అమ్మ."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"'తువ్వాలు గొప్ప ఆయన్ని చెప్పుకోనీవే, మనకి పోయేదేముంది' అంది."

ఆయనకి కోపం రావాలి, లేకపోతే నవ్వైనా రావాలి. ఏదీ రాలేదు. గిటార్ పొట్ట మీద మోచెయ్యి ఆనేచోట పాలిష్ పోయి అరచేయంత మచ్చ ఉంది. ఇన్నాళ్ళూ అందరి గిటార్లకీ ఉండే అరుగుదలే అనుకున్నాడు. దాని మీద వేలు పెట్టి చూశాడు. నున్నగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"నువ్వూ అలాగే నిలబడతావా?" అని అడిగాడు.

"నిలబడకపోతే ఎలా? కూత వస్తే అమ్మ పరువూ పోతుంది, నీ పరువూ పోతుంది."

"వద్దు. నీ ఇష్టమొచ్చినట్టు కదులు. కూత సంగతి నేను చూసుకుంటాను."

"మళ్ళీ తువ్వాలు కుక్కుతావా?"

"కుక్కను" అన్నాడు.

శనివారం ఆయన స్టేజీ మీది స్పీకర్లని పక్కలకి జరిపించాడు. డొల్ల ఎక్కువగా ఊగే స్వరాన్ని మిక్సర్లో కాస్త తగ్గించాడు. పికప్ ఒక్కటే చాలదని, గిటార్ అంచుకి కందిగింజంత మైకు కూడా తగిలించాడు. చెక్క అదురు పికప్ చూసుకుంటుంది, గదిలో మోగే గాలిని మైకు చూసుకుంటుంది. భార్య అడిగినప్పుడే చెయ్యాల్సిన పని. అది తెలిసినా ఆయనకి ఏమీ అనిపించలేదు.

పిల్ల మొదటి రెండు పాటలూ తల్లిలాగే మేకు దిగ్గొట్టినట్టు నిలబడి వాయించింది. మూడో పాటలో మరిచిపోయింది. ఒక అడుగు ముందుకేసింది, ఇంకో అడుగు వేసింది, తల ఊపింది. మోచెయ్యి గిటార్ పొట్ట మీంచి లేచింది. ఒక్కసారిగా హాలంతా వంటింట్లో మోగినట్టు మోగింది. దాని కిందే మూలుగు మొదలైంది. ఆయన చెవి దాన్ని ఇట్టే పట్టేసింది. వేలు సౌండు మీట మీదే ఉంది, కిందికి లాగితే చాలు. లాగలేదు. మూలుగు లావెక్కి, హూఁ అని హాలంతా కమ్మేసింది. బల్ల అదిరింది, బల్లకి ఆనుకున్న ఆయన ఛాతీ అదిరింది. తనిక్కడ కూర్చుని గొప్పలు చెప్పుకున్న అన్ని శనివారాలూ ఆవిడ ఒక్కతే మోచేతి కింద నొక్కి పట్టింది దీన్నే. ఆయనకి నొప్పి పుట్టింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, ఇదిగో ఇక్కడ అని చూపించగలిగిన నొప్పి. అప్పుడు మీట దించాడు.

పిల్ల బిత్తరపోయి ఆయన వైపు చూసింది. కానివ్వమని చెయ్యి ఊపాడు. మోచెయ్యి మళ్ళీ ఆనించకుండానే అది పాట పూర్తి చేసింది.

జనం వెళ్ళాక హాలు మేనేజరు బల్ల దగ్గరికొచ్చాడు. "ఏంటి మాస్టారూ, ఇన్నేళ్ళలో ఆ గిటార్ కూయడం నేనెరగను. ఇవాళే కూయాలా?"

ఆయన వైరు చుట్ట చుడుతున్నాడు. "అది ఎప్పుడూ కూస్తూనే ఉందయ్యా" అన్నాడు. "ఆవిడ పట్టుకునేది."

మేనేజరుకి అర్థం కాలేదు. కానీ వైరు చుట్టే చేతులు ఆగిపోవడం, మాస్టారు బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడవడం చూసి, కూతుర్ని పిలవడానికి స్టేజీ వైపు పరిగెత్తాడు.