‘వదులు’ అనకూడని కొండ

మా మనవరాలు సుజాత విశాఖపట్నంలో కాలేజీ చదువుతూ కొండరాళ్లు ఎక్కే ఆట నేర్చుకుంది. నడుముకి పట్టీ, పట్టీకి తాడు. రాతిలో దిగేసిన ఇనుప కొక్కేలకి ఆ తాడు తగిలించుకుంటూ పైకి పోవడం. మా అబ్బాయి వద్దన్నాడు. పిల్ల ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి ఏడ్చింది. చివరికి వాడు, "అమ్మా, నువ్వెళ్లి సూసిరా. నువ్వు సరేనంటే సరే" అన్నాడు. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం బయల్దేరాను.

పొద్దున్న ఐదున్నరకి చోడవరం బస్టాండులో దేవరాపల్లి బస్సెక్కాం. పులిహోర ఇంట్లోనే కలిపి పొట్లాలు కట్టాను; హోటలు తిండి దండగ. సుజాతతో పాటు స్నేహితురాలు మాధవి వచ్చింది. కింద నిలబడి తాడు పట్టుకునే పని ఆ పిల్లది. దారిలో చెరకు బళ్లు అడ్డమై ఏడు దాటింది. పక్క సీటావిడ మా తాడు చుట్ట చూసి, "ఏటమ్మా, గేదెని కొనడానికెల్తన్నారా?" అంది.

"కాదు, మనవరాలిని కట్టడానికి" అన్నాను.

దేవరాపల్లిలో జీపువాడు అడిగినదాంట్లో సగానికి బేరమాడి కొండ మొదట్లో దిగాం. గంట నడిస్తే, వాగు కోసిన ఇరుకు లోయ. రెండు వైపులా నిటారు రాతిగోడలు. ఎడమ గోడ కింద ఎర్ర గుడ్డ కట్టి ఫారెస్టు గార్డు కూర్చున్నాడు.

"ఇటేపు ఎక్కకూడదు. పైన డేగ గూడెట్టింది. పిల్లలెగిరే దాకా మూసేసేం."

"గూటికి దూరంగానే ఎక్కుతాం సార్" అంది సుజాత.

"మడిసి కనపడితే తల్లి లేసిపోద్దమ్మా. గుడ్లు ఎండకి పోతాయి."

"మూసేరంటే మూసేరు. కుడేపు పదండే" అన్నాను.

కుడి గోడ పిల్లలకి కొత్త. తొమ్మిదిన్నరకి సుజాత ఎక్కింది. మూడో కొక్కెం దగ్గర చిన్న గట్టు మీద నిలబడి, తగిలించడానికి తాడు చాలక "వదులు!" అని అరిచింది. కాస్త వదులుగా ఇమ్మని దాని భావం. గట్టెక్కింది కాబట్టి ఇక పట్టుకోనక్కర్లేదనుకుని మాధవి రెండు చేతులూ తీసేసింది.

"ఒసే, పట్టుకోయే!" అన్న నా అరుపుకి గార్డు లేచి నిలబడ్డాడు. మాధవి పట్టుకుంది. ఆ గట్టు లేకపోతే ఏమయ్యేదో నేను రాయను.

సుజాతని దింపించి, ఇంటికి పదమన్నాను. మాధవి నా చెయ్యి పట్టుకుంది. "వదులంటే వదిలీమనే అనుకున్నాను మామ్మగారూ. ఇంకోసారి పట్టుకోనివ్వండి."

"తప్పు నీ ఒక్కద్దానిదే కాదు, దానిదీను. మా పుట్టింట్లో నూతి పూడిక తీయడానికి మనిషిని దింపితే, ఎవరూ ‘వదులు’ అన్న మాట నోట రానిచ్చేవోళ్లు కాదు. తాడు కావాలంటే ‘ఇయ్యి’. బిగించాలంటే ‘పట్టు’. అంతే."

నేల మీదే ఇద్దరి చేతా పాతికసార్లు అనిపించాను. గార్డు నవ్వి, "మీరు మాస్టారమ్మా?" అన్నాడు.

"మూడో క్లాసు సదివేను బాబూ."

పదకొండుకి సుజాత మళ్లీ ఎక్కింది. ‘ఇయ్యి’ అంటే తాడు వెళ్తోంది, ‘పట్టు’ అంటే బిగుస్తోంది. ఆఖరి కొక్కేనికి మూరెడు కింద కాలు జారింది. పిల్ల మాట అనే లోపే మాధవి వెనక్కి ఒరిగి తాడు బిగించేసింది. సుజాత ఒక్క బారెడు పడి, వేలాడుతూ నవ్వింది. మళ్లీ ఎక్కి ఆఖరి కొక్కేన్ని ముట్టుకుని దిగింది.

పులిహోర గార్డుకీ ఒక పొట్లం ఇచ్చాను. వెళ్లేవాళ్లకి చెప్తున్నాను: మంచినీళ్లు మోసుకెళ్లండి, గార్డుని అడక్కుండా ఏ గోడా ముట్టకండి, మూడు దాటితే జీపులు దొరకవు.

నాలుగున్నర బస్సులో తిరిగొచ్చాం. తాడు చుట్ట ఒళ్లో పెట్టుకుని మాధవి నిద్రపోయింది. భయపడుతూ వెళ్లాను గాని, రోజు బాగా గడిచిందనే అనిపించింది.

"నాన్నకేటి సెప్తావు మామ్మా?" అంది సుజాత.

"ఎక్కొచ్చని సెప్తాను. కానీ తాడు ఆ పిల్లే పట్టుకోవాలి."

"మాధవా? పొద్దున్న వదిలీసింది కదా!"

"అందుకే. ఇంకెప్పుడూ వదల్దు."