దున్ని చూసినవాడే ఖబీర్

నిన్న కోరుట్ల బస్టాండులో ఒక కుర్రవాడి ఫోనులోంచి "ఖబర్దార్!" అన్న కేక వినబడింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఏదో వీడియో. ఒళ్ళు మండింది. రజియా టీచరమ్మ నా పలక మీద రాసిన అక్షరాలు గుర్తొచ్చాయి.

జగిత్యాలలో ఆమెది మా పక్కిల్లు. బడిలో ఉర్దూ చెప్పేది, అరబ్బీ బాగా చదువుకుంది. కల్లు గీసే ఇంటి పిల్లను నేను. ఒక సాయంత్రం నా పలక మీద ఖే, బే, రే అని మూడక్షరాలు రాసింది. "గీ మూడింటికెల్లే ఖబర్ పుట్టింది. మీరనే కబురు సుత గీ ఇంటి పిల్లనే బిడ్డ" అని నవ్వింది. అఖ్బార్ అంటే వార్తలు, ఇఖ్తిబార్ అంటే పరీక్షించడం. లోతు తెలిసినవాడు ఖబీర్. పాత అరబ్బీలో నేల దున్నేవాణ్ణీ ఖబీర్ అనేవారట. "పైమట్టి చూసి మాట్లాడద్దు. దున్ని చూడాలె" అంది. ఖబర్ ఉన్నవాడు, ఎరుక గలవాడు ఖబర్దార్. మనం ఆ మాటలో ఎరుకను పారేసి బెదిరింపును దాచుకున్నాం!

ఆ పాఠం మీద వ్యాసాలు రాశాను, సభల్లో చప్పట్లు కొట్టించుకున్నాను. తరువాత ఒకరోజు, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉంటున్న టీచరమ్మను చూడబోతే వీధిలో గుంపు. వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ముసలామెను పిల్లల దొంగ అంటూ చుట్టుముట్టి, సంచి చింపేశారు. ఆ గుంపులో డిగ్రీలు చదివినవాళ్ళూ ఉన్నారు. టీచరమ్మ ముసలామెకు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వలు చూసిండ్రు?"

"అందరంటున్నరు."

"అందరంటే ఎవ్వలు? పేరుండదా?"

"నీకేం ఎర్క, జరుగు! ఫోన్ల అచ్చింది" అని ఒకడు తెర ఆమె ముఖం ముందు ఆడించాడు.

"నీకెవ్వలు పంపిండ్రు?"

అతడు చుట్టూ చూసి నా వైపు వేలు చూపాడు. "గీ మేడమే. పొద్దుగాల గ్రూపుల పెట్టింది."

నిజమే. నా వ్యాసాలు చదివే సిరిసిల్ల మిత్రుల గ్రూపు అది. జాగ్రత్త కోసమని ఆ కబురు నేనే పంపాను. మూఢనమ్మకాల మీద నిప్పులు కురిపించే నేనే!

"నువ్వు చూసినవా బిడ్డ?"

"లేదు టీచరమ్మా."

"గట్టిగ చెప్పు. ఆళ్ళకు ఇనబడాలె."

చెప్పాను. గుంపు కరిగిపోయింది. తప్పయిందని ఒక్కడూ అనలేదు. మట్టిలో చెదిరిన వెంట్రుకలను ముసలామె, టీచరమ్మ, నేను ఏరి మూటగట్టాం.

టీచరమ్మ ఇప్పుడు లేదు. నిన్న ఆ కుర్రవాణ్ణి అడిగాను, "ఎవ్వలు చూసిండ్రు తమ్మీ?"

"అందరంటున్నరు మేడం."

"ఒకనాడు నేను గా అందర్లనే ఉంటి తమ్మీ. మాలో ఒక్కరం సుత చూడలే."