ఇద్దరికీ ఒకటే కాగితం

చావింట్లో కపాంబ్వేగారి ఎడమకాలి బూటు పోయింది. మసుకు స్టార్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఏళ్ల తరబడి గడ్డి కోసి, గీతలు గీసి, వలలు కట్టిన చిబుయే కాలం చేస్తే, క్లబ్బు క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడి హోదాలో ఆయన పరామర్శకు వెళ్లారు. మగవాళ్లందరూ పెరట్లో నిప్పు చుట్టూ కూర్చుని ఉన్నారు. చిటికెనవేలి మీద ఆనెకాయ సలుపుతుంటే, ఎవరూ చూడకుండా ఎడమ బూటు విప్పి బల్ల కిందికి తోశారు. కాసేపయ్యాక కాలు చాపి తడుముకుంటే కోడిపిల్ల తగిలింది గానీ బూటు తగల్లేదు.

బూటు వాకిట్లో ఉంది. జట్టులో ఎడమవైపు కాపలా కాసే ఆటగాడు లెవిసన్ జేరే దాన్ని తొడుక్కుని, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి రబ్బరు చెప్పుతో, అచ్చం కపాంబ్వేగారిలా కుంటుతూ శవపేటిక ముందు పచార్లు చేస్తున్నాడు. లేని కళ్లజోడును ముక్కు మీదికి తోసుకున్నాడు. గొంతు సవరించుకుని శవాన్ని విచారించాడు.

"చిబుయే, ఆట ముగియకుండా, ఎవరి అనుమతీ లేకుండా మైదానం వదిలి వెళ్లిపోయావని నీ మీద అభియోగం. ఏమంటావు? మాట్లాడవేం? మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. ఆరు మ్యాచ్‌లు సస్పెండ్ చేశాం. ఇంటికి పో."

అప్పటిదాకా గోడకు జారబడి కొయ్యబొమ్మలా ఉన్న చిబుయే భార్య ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులో పడింది. ఎప్పుడు ఏడుస్తుందా అని కాచుకుని కూర్చున్న ఆడవాళ్లు అమ్మయ్య అనుకున్నారు.

లెవిసన్ చేసింది తన విధి. అతను న్గోనీ తెగవాడు, పోయినవాడు బెంబా తెగవాడు. వాళ్ల ముత్తాతలు ఒకళ్లనొకళ్లు బల్లేలతో పొడుచుకున్నందుకు వీళ్లు మాటలతో పొడుచుకుంటూ ఉంటారు. బెంబాలు కోతుల్ని తింటారని న్గోనీలూ, న్గోనీలు ఎలుకల్ని తింటారని బెంబాలూ పెళ్లిళ్లలో, బస్సుల్లో, బ్యాంకు వరసల్లో అనుకుంటూనే ఉంటారు. బెంబా ఇంట్లో చావైతే న్గోనీ వచ్చి అల్లరి చేసి తీరాలి. చెయ్యకపోతే మర్యాద కాదు. చేసినప్పుడు కోపం తెచ్చుకుంటే అసలు మర్యాద కాదు. కపాంబ్వేగారూ బెంబాయే. అందుకని ఆయన మేజోడు కాలితో నిలబడి, "ఎలుకల బావా, లేసు తెంపకు, కొత్తది," అని, సిగరెట్టు పెట్టె ఒకటి సమర్పించుకుని బూటు విడిపించుకున్నారు.

అక్కడితో అయిపోవలసిన సంగతే. కానీ లెవిసన్ ఒంటి మీద క్లబ్బు ట్రాక్‌సూటు ఉంది. ట్రాక్‌సూటు గుండె మీద జట్టుకు డబ్బిచ్చే సిమెంటు కంపెనీ పేరుంది. వాకిటి నిండా ఫోన్లున్నాయి. వారం తిరగకుండానే ఆ వీడియో జోహన్నెస్‌బర్గ్‌లో కంపెనీవాళ్ల కంట పడింది. చచ్చినవాణ్ణి వెక్కిరిస్తున్న ఆటగాడి ఛాతీ మీద మా పేరా, ఏం చర్య తీసుకున్నారో చెప్పండి అని రాశారు.

ఆ ఉత్తరం పట్టుకుని క్లబ్బు మేనేజర్ సింకాలా కపాంబ్వేగారింటికి వచ్చాడు. వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూరతో న్షిమా అనే మొక్కజొన్న పిండి ముద్ద తింటున్న పెద్దాయన చెయ్యి కడుక్కోబోతే, వద్దు వద్దు తినండంటూ ఎదురుగా కూర్చున్నాడు.

"ఆరు మ్యాచ్‌లు వేసెయ్యండి కెప్టెన్‌గారూ. ఎన్ని వెయ్యాలో కూడా ఆలోచించక్కర్లేదు. వాడి నోటితో వాడే చెప్పుకున్నాడు."

"అది వరసకి చేసిన అల్లరయ్యా. నీకు తెలీదా?"

"నాకు తెలీకేం. మా మేనత్త పోయినప్పుడు నన్ను చెట్టుకు కట్టేశారు. కానీ సిమెంటువాళ్లకి ఎవరు చెప్తారు? బెంబా అంటే ఏదో మందు పేరనుకుంటారు వాళ్లు."

"ఆరు మ్యాచ్‌లంటే వాడి ఒప్పందం పోతుంది."

సింకాలా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీజను మధ్యలో సస్పెండైనవాడికి మళ్లీ ఒప్పందం రాయకూడదని క్లబ్బు నియమం. లెవిసన్‌కి ముప్ఫై దాటాయి. ఇక్కడ తీసేస్తే ఇంకో క్లబ్బు పిలవదు. భార్య కడుపుతో ఉంది, ఉంటున్నది క్లబ్బు ఇల్లు.

"ఆలోచిస్తాను," అన్నారు కపాంబ్వేగారు. ఆ మాట అనడం కూడా ఆయనకి బరువుగానే ఉంది.

ఆయన ల్వాన్‌ష్యా రాగిగనిలో కెప్టెన్‌గా రిటైరైన మనిషి. కెప్టెన్ అంటే భూమి కింద ఒక షిఫ్టు మొత్తానికి పెద్ద. ఫుట్‌బాల్‌తో ఆయన సంబంధమల్లా టికెట్టు కొనుక్కుని అరవడం వరకే. సంఘంలోకి పిలిచింది ఆయన పేరు చూసి. గనిలో ఒకసారి పంపుల దగ్గర నిద్రపోతూ ఇద్దరు దొరికారు. ఒకడు కొత్త కుర్రాడు, రెండోవాడు స్వయానా ఆయన బావమరిది. ఇద్దరికీ సమానంగా జీతం కోయించారు. ఊరంతా మెచ్చుకుంది. అత్తవారింట్లో మాత్రం ఆనాటి నుంచి ఆయన కంచంలో కోడి కందనకాయ పడలేదు. అల్లుడికి దక్కాల్సిన ఆ ముక్క పిల్లలెవరికో వేసి, ఈయనకి మెడ వడ్డిస్తారు. ఇన్నేళ్లుగా మెడలే చీకుతూ, మెడ రుచి మెడదేనని ఆయన అంటూ ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన భార్య బానా ముసొండా ఇంటి కప్పు వంక చూస్తుంది. పెద్దకొడుకు ముసొండా తల్లి కాబట్టి ఆవిడకి ఊళ్లో ఆ పేరు.

అంతటి మనిషీ మొన్నటి చలికాలంలో లుకొండే దగ్గర జారారు.

లుకొండే జట్టుకి గోల్స్ కొట్టేవాడు. ఒక ఆదివారం గెలిచి, తాగి, క్లబ్బు ఇచ్చిన కారుతో మికొంఫ్వా బజారులోకి వచ్చి, బానా ఎమెల్డా టమాటాల బల్ల మీద నుంచి పోనిచ్చాడు. ఆవిడ చిల్లర కోసం పక్క బల్ల దగ్గరికి వెళ్లబట్టి బతికింది. అతను కారు ఆపలేదు. విచారణ నాటికి కప్పు సెమీఫైనల్ నెత్తిమీదికొచ్చింది. సింకాలా బతిమాలాడు, సంఘంలో మిగతా ఇద్దరూ తలలూపారు, బయట అభిమానులు ఈలలు వేస్తూ కూర్చున్నారు. అన్నిటికంటే అవమానమైన సంగతి, జట్టు గెలవాలని కపాంబ్వేగారికే ఉంది. హెచ్చరిక కాగితం ఒకటి రాసి సంతకం పెట్టారు. బానా ఎమెల్డాని సాక్ష్యానికి పిలవనే లేదు. జట్టు సెమీఫైనల్ గెలిచింది. లుకొండే రెండు గోల్స్ కొట్టాడు. ఆ రెండు గోల్స్‌కీ కపాంబ్వేగారు లేచి అరిచారు.

అప్పటి నుంచీ ఆయన మికొంఫ్వా వెళ్లడం మానేసి, రెండు బస్సులు మారి అవతలి బజారు నుంచి టమాటాలు తెస్తున్నారు. అక్కడివి గట్టిగా ఉంటాయని ఇంట్లో చెప్పారు.

సింకాలా వచ్చి వెళ్లిన మర్నాడు బానా ముసొండా సంచీ ఆయన చేతికిచ్చింది. "ఇవాళ మికొంఫ్వాలోనే తెండి. మీ మోకాళ్లకి రాత్రిళ్లు నూనె రాసేది నేను. గట్టి టమాటాలు నాకక్కర్లేదు."

"ఆ బజారులో జనం ఎక్కువ."

"జనం కాదు. ఒక్క మనిషి. వెళ్లండి."

బానా ఎమెల్డా బల్లకి కొత్త కర్రలు పడ్డాయి. ఆయన్ని చూసి ఆవిడ లేవలేదు, నవ్వనూ లేదు. టమాటాలు కుప్పలుగా పేర్చుకుంటూనే మాట్లాడింది.

"రండి కెప్టెన్. దారి మర్చిపోయారనుకున్నాం."

"కాళ్ల నొప్పులమ్మా."

"ఔనౌను. అవతలి బజారుకి బాగానే నడుస్తాయట కాళ్లు. కండక్టరు మా చెల్లెలి మొగుడు."

కపాంబ్వేగారు టమాటా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"బూటు తొడుక్కున్న పిల్లాడికి ఆరు మ్యాచ్‌లంటగా," అంది ఆవిడ. "నా బల్ల తొక్కించినవాడికి కాగితం. వాడూ మీ బూటే తొక్కి ఉంటే బాగుండేది, నాక్కాస్త న్యాయం జరిగేది."

"టమాటాల ఖరీదు క్లబ్బు ఇచ్చింది కదమ్మా."

"ఇచ్చింది. ఎవరు కాదన్నారు? ఖరీదు గురించి నేను అడిగానా? కారు ఆపి, దిగి, ఉన్నావా పోయావా అని చూడొద్దా మనిషన్నవాడు? అది చెబుదామని నేను మంచి చితెంగే కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. పిలుస్తారనుకున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను." ఒక కుప్ప ఆయన సంచీలోకి ఒంపి, పైన ఇంకో రెండు వేసింది. "కొసరు. మీ ఆవిడకి, మీకు కాదు."

బజారు దాటేదాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బు గదిలో విచారణ జరిగింది. రేకుల కప్పు కింద గది పెనంలా ఉంది. లెవిసన్ పెళ్లినాటి కోటు వేసుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చావింట్లో ఉన్న మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు. సంఘం సభ్యులిద్దరూ కాగితాలతో విసురుకుంటున్నారు. సింకాలా ఫోను బల్ల మీద పెట్టి, అది మోగుతుందేమోనని దానికేసే చూస్తున్నాడు.

"నీమీద ఫిర్యాదు ఎవరిచ్చారో తెలుసా?" అని అడిగారు కపాంబ్వేగారు.

"తెలీదండీ. మీరనుకున్నాను."

"నేను ఎలా ఇస్తాను, నువ్వు న్గోనీవైతే? మా వాళ్లు నవ్వరూ?" ఆయన సింకాలా వైపు తిరిగారు. "లుకొండేని పిలిపించవయ్యా."

"లుకొండే దేనికి?"

"ఆరు వెయ్యాలంటే ముందు అతనికి వేద్దాం. కారుకి ఆరైతే, అప్పుడు బూటుకి ఎంతో ఆలోచిద్దాం."

"అది ముగిసిన కేసు కెప్టెన్‌గారూ. ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష వెయ్యకూడదని మీరే కదా ఎప్పుడూ అంటారు? పైగా ఆదివారం ఫైనల్."

"అంటాను. అయితే కారుకి హెచ్చరిక. అది మనం ముగ్గురం సంతకం పెట్టిన లెక్క. దానికంటే బూటు పెద్దదని ఈ గదిలో ఎవరంటారో అనండి, వింటాను."

 సభ్యులిద్దరూ విసురుకోవడం ఆపారు.

"నా ఉద్దేశం అడిగితే ఇతను నిర్దోషి," అన్నారు కపాంబ్వేగారు. "పంపించేద్దాం."

సింకాలా కణతలు రుద్దుకున్నాడు. కోపం కాదు, అతనికీ విసుగే. "పంపించెయ్యండి. సాయంత్రానికి కేసు క్లబ్బు బోర్డు చేతికి వెళ్తుంది. అక్కడ బెంబాలూ లేరు, న్గోనీలూ లేరు, సిమెంటు డబ్బుంది. ఆరు కాదు, పది వేస్తారు. చూపించడానికి నాకు ఏదో ఒకటి కావాలి పెద్దాయనా. ఏదో ఒకటి. మిగతాది మీ ఇష్టం."

సభ్యుల్లో ఒకాయన మెల్లగా, "హెచ్చరికతో సరిపెడదాం, పాపం, ఇల్లు నిలుస్తుంది," అన్నాడు. రెండో ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం కపాంబ్వేగారికి బాగా గుర్తు. లుకొండే రోజున ఊపింది కూడా అలాగే.

ఆయన కిటికీలోంచి మైదానం వంక కాసేపు చూశారు. చిబుయే పోయాక గడ్డి ఎవరూ కోయడం లేదు. బానా ఎమెల్డాని ఇప్పుడైనా పిలవనా అనుకున్నారు. పిలిచి ఏ కేసులో కూర్చోబెట్టాలో తోచలేదు.

"సరే. లుకొండే కాగితం నకలు తీసుకురండి."

నకలు వచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని, కొత్త కాగితం మీద మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా తన చేత్తోనే ఎత్తిరాశారు. పేరొక్కటే మార్చారు. సింకాలా ఆయన భుజం మీదుగా చదివి, "ఈ వాక్యం తీసెయ్యాలేమో," అన్నాడు.

"తీస్తే వేరే కాగితం అవుతుంది," అని కపాంబ్వేగారు సంతకం పెట్టారు. సింకాలా కాగితం అందుకున్నాడు. జోహన్నెస్‌బర్గ్‌లో కింది వాక్యాల దాకా ఎవరు చదువుతారులే అనుకుని ఉంటాడు. వచ్చే సీజనుకి సంఘంలో ఇంకో పెద్దమనిషిని వెతుక్కోవాలని కూడా అప్పుడే అనుకుని ఉంటాడు. వెతుక్కున్నాడు కూడా.

కపాంబ్వేగారు మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగి గేటు దాకా వచ్చేసరికి వెనక నుంచి లెవిసన్ పరుగెత్తుకొచ్చాడు. కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం మొహంలో ఒక పక్కే ఉంది.

"కెప్టెన్‌గారూ, ఇదేం కాగితమండీ? 'ఇకపై వాహనం నడిపేటప్పుడు తగిన జాగ్రత్త వహించవలెను' అని ఉంది. నాకు సైకిలు కూడా లేదు."

"కొనుక్కున్నాక పనికొస్తుంది."

"వేళాకోళం నా వంతండీ, మీ వంతు కాదు." అతను కాగితం మడత పెట్టి, మళ్లీ విప్పాడు. "తాగి ఒక మనిషి బతుకు మీద నుంచి కారు పోనిచ్చినవాడికి ఇదే కాగితం. చావింట్లో చెయ్యాల్సిన పని చేసి, ఆ ముసలమ్మని ఏడిపించి ఒడ్డున పడేసిన నాకూ ఇదే కాగితం. రేపు మా ఆవిడ అడిగితే ఏం చెప్పమంటారు? ఇది న్యాయమేనా?"

కపాంబ్వేగారు గేటు గడియ తీసి, ఒక చెయ్యి దాని మీదే ఆనించి, కాస్త ఊపిరి తీసుకుని అన్నారు.

"న్యాయమని నేనన్నానా బావా, ఇద్దరికీ ఒకే అన్యాయం చెయ్యడానికే నా ఓపికంతా అయిపోయింది."