కారు తెర మీద ఖాళీ రోడ్డు

మా అన్నది కిరాయి కారు. మానుకోట నుంచి కురవి, నెల్లికుదురు దిక్కు తిప్పుతడు. నేను సాఫ్ట్‌వేర్ పనిజేస్త. డ్యూటీ అయినంక ఇంకొంతమందితోని కలిసి, కార్ల వెనుక కెమెరా బొమ్మ తెర మీద చూపెట్టే ప్రోగ్రాం రాసిన. ఓపెన్ సోర్స్ అది. ఎవలన్నా ఊరికే తీస్కోవచ్చు, తప్పుంటే దిద్దచ్చు. కార్ల కంపెనీలు తీస్కున్నయి.

అన్న కారు సెట్టింగులల్ల ఎక్కడో అడుగున, రాసినోళ్ల లిస్టుల నా పేరుంది. అది అన్నకు చూపెట్టుడే నేను చేసిన తప్పు. కారెక్కినోళ్లందరికీ గదే చూపిచ్చుడు. "మా చెల్లె చేసిందే గిది, సూడున్రి!" సిగ్గయ్యేది. లోపల సంబురం కూడా అయ్యేది, అబద్ధమెందుకు?

మొన్న నెల్లికుదురు తొవ్వల అన్న రివర్స్ గేరేసి, ఎవలో ఎక్కుతుంటే ఆగిండు. గంతల్నే తెర మీద బొమ్మ ఆగిపోయింది. రోడ్డు మీద ఆరబోసిన మక్కలు కలియబెట్టుకుంట ఒక అవ్వ కారు వెనుకకొచ్చింది. తెరల రోడ్డు ఖాళీగనే ఉంది. అన్న కారు వెనక్కి తీసిండు.

ఫోన్ల అన్న ఏడ్సిండు. "ఇంతకుముందు మెడ తిప్పి చూసేటోన్నే. నువ్వు చేసింది గదా అని తిప్పుడు బంద్ చేసిన చెల్లే."

బొమ్మ ఆగిపోయే ఆ తప్పు నాకు తెలుసు. అన్న కారు కొనకముందే దిద్ది, అందరికీ అందేటట్టు పెట్టిన. కంపెనీ మాత్రం పాత ప్రోగ్రామే పెట్టి, ఎవలూ మార్చకుంట తాళమేసింది.

జనగామల షోరూముకు ఉరికిన. "దిద్దిన ప్రోగ్రాం కొత్త మోడల్‌కే వస్తది మేడం, దీనికి లేదు" అన్నడు కౌంటర్ల ఉన్నాయన.

"రాసింది నేనే సార్. తాళం తియ్యున్రి, నేనే ఏస్త."

"అట్ల కుదరదు మేడం. వారంటీ పోతది."

వారంటీ అట, వారంటీ! ఒళ్లు మండింది. ఊరికే ఇచ్చిన దాన్ని నన్నే ముట్టనియ్యరాయె. ఆ కోపంతోనే మానుకోట దవాఖానకు పోయిన.

అవ్వ కాలుకు సిమెంటు కట్టు. పక్కన నిలబడి గడగడ చెప్పిన. "అవ్వా, ఆ తప్పు నేనెప్పుడో బాగుచేసిన. కంపెనోళ్లే..."

అవ్వ సిమెంటు కట్టు మీద చెయ్యేసింది.

"బాగుచేస్తే మరి నా కాలెందుకు ఇరిగింది బిడ్డా?"